సులేమానియె మసీదు ఎదుటి బీన్స్ భోజనశాలలు: ఒక వంటమేస్త్రీ సమీక్ష

ఉమ్రా (మక్కా యాత్ర) ముగించుకొని ఇస్తాంబుల్ మీదుగా తిరిగివచ్చే తెలుగువాళ్లకు ముందుగా ఒక మాట. సులేమానియె మసీదు చూడబోయే రోజున హోటల్లో పొట్ట నిండా టిఫిను తినకండి. మసీదు ప్రహరీకి ఎదురుగా, వీధికి అవతలి పక్కన, చిన్న చిన్న భోజనశాలలు వరుసగా ఉంటాయి. బల్లలు కాలిబాట మీదికి వచ్చి ఉంటాయి. అన్నింటిలోనూ పేరున్న వంటకం ఒక్కటే: కురు ఫసుల్యె. ఎండు తెల్ల బీన్స్ గింజల కూర, పక్కన వెన్నతో వండిన అన్నం. ఒక దుకాణం బోర్డు మీద 1924 అని ఉంటుంది. వందేళ్లుగా ఒకే కూరను నమ్ముకొని బతుకుతున్న వీధి అది. నా వృత్తిలో ఉన్నవాడికి టోప్‌కాపి రాజభవనం ఎంత ముఖ్యమో ఈ వీధీ అంతే ముఖ్యం.

నేను గుంటూరులో పెళ్లిళ్లకు, వలీమాలకు (ముస్లిం పెళ్లి విందులకు) వంట చేయించే మేస్త్రీని. పేరు సులేమాన్. ఈ రెండు సంగతులూ ఈ సమీక్షకు అవసరం కాబట్టి చెబుతున్నాను.

ముందు కూర. పళ్లెం వచ్చీ రాగానే ఒక గింజను చెంచా వెనుక వైపుతో మెల్లగా నొక్కాను. అప్పటివరకు తొక్క ఎక్కడా చిట్లలేదు. నొక్కగానే లోపలి గుజ్జు మెత్తగా పరుచుకుంది, పలుకన్నది లేదు. పళ్లెంలో ఏ మూల గింజ తీసి నొక్కినా ఇదే తీరు. ఇంటి వంటలో నలుగురికి ఇలా వండవచ్చు. పెద్ద పాత్రలో, వందల మందికి వండేటప్పుడు అడుగు గింజ చితికిపోతుంది, పై గింజ పలుకుగా ఉండిపోతుంది. గింజ రాత్రంతా నానాలి, మంట మొదట పెంచి ఆపైన బాగా తగ్గించాలి, గరిటె అంచుల వెంట తిప్పాలే తప్ప నడిమధ్యన గుచ్చి కలపకూడదు. మరో చిక్కు ఉంది. పులుపు ముందుగా పడితే గింజ ఉడకదు. ఈ కూరలో టమాటా ముద్ద, ఎర్ర మిరప ముద్ద రెండూ ఉన్నాయి. అయినా గింజ అంత మెత్తగా ఉందంటే ఏది ఎప్పుడు వేయాలో తెలిసిన చేయి వండిందన్నమాట.

గ్రేవీ చిక్కదనం కూడా పిండి కలిపి తెచ్చింది కాదు. చెంచా ఎత్తి చూశాను, జిగురుగా సాగలేదు. గింజలోంచి దిగిన చిక్కదనమే అది. వెన్న వాసన, ఉల్లిపాయ తీపి, అక్కడక్కడ చిన్న మాంసం ముక్క. మసాలా దాదాపు లేదు. గుంటూరు నాలుకకు కారం చాలదు, నిజమే. బల్ల మీద నలగ్గొట్టిన ఎండు మిరప ఉంటుంది, దానిలో ఘాటుకన్నా రంగూ వాసనా ఎక్కువ. కారం లేని కూర చప్పగా ఉంటుందని మనవాళ్లలో గట్టి నమ్మకం ఉంది. ఈ కూర తిన్నాక ఆ మాట ఎవరన్నా నేను ఒప్పుకోను. గింజకు ఒక రుచి ఉంది. మనం వేసే అల్లం వెల్లుల్లి, గరం మసాలా కింద అది ఏనాడో కనపడకుండా పోయింది.

అన్నం పొట్టి గింజ బియ్యంతో వండుతారు. సేమ్యా లాంటి పలుకులను వెన్నలో ఎర్రగా వేయించి, బియ్యం కలిపి, ఎసరు పోసి మూత పెడతారు. మెతుకు విడివిడిగా ఉంది, నూనె తేలలేదు. మా ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు. "ఏమండీ, వెన్న ఎక్కువైంది, ఉప్పు తక్కువైంది" అంది. ఉప్పు విషయంలో ఆమె మాటే సరైంది. పక్కన ఇచ్చే పచ్చిమిరప, క్యాబేజీ ఊరుగాయ కలుపుకుంటే ఆ లోటు తీరుతుంది. పచ్చి ఉల్లిపాయ, ఐరాన్ అనే ఉప్పు మజ్జిగ తప్పక తీసుకోండి. ఐరాన్ మన మజ్జిగకన్నా చిక్కన, నురగ ఎక్కువ.

వంట చూడవచ్చా అని సైగ చేస్తే లోపలికి రమ్మన్నారు. పెద్ద రాగి పాత్ర. మూత తీసి చూపించారు. కూర మీది భాగంలో, పాత్ర లోపలి గోడకు కళాయి పూత తెల్లగా, తాజాగా మెరుస్తోంది. రాగి పాత్రకు కళాయి లేకుండా పులుపు కూర వండకూడదన్నది మా నాన్నగారు నాకు నేర్పిన మొదటి పాఠం. మా దగ్గర ఇప్పుడు డేగిసాలు చాలావరకు అల్యూమినియంవే. అవి తేలిక, ధర తక్కువ, లారీలోకి ఎక్కించడం సులభం. కానీ రాగి పాత్ర వేడిని అన్ని వైపులకూ సమంగా పంచినట్టు అవి పంచవు. అడుగు గింజా పై గింజా ఒకేలా ఉడికిన రహస్యంలో సగం నాకు అక్కడే అర్థమైంది.

ఆ రాగి పాత్ర ముందు నిలబడినప్పుడు నాకు ఖుర్ఆన్‌లోని సబా సూరా (అధ్యాయం) గుర్తుకొచ్చింది. 34వ సూరా, 12, 13 ఆయతులు (వాక్యాలు). దావూద్ కొడుకైన సులేమాన్ ప్రవక్తకు (బైబిలు చెప్పే సొలొమోను) అల్లాహ్ గాలిని వశం చేశాడు, కరిగిన రాగి ఊటను ఆయన కోసం పారించాడు, కంటికి కనపడని జీవులైన జిన్నులను ఆయన కింద పనికి పెట్టాడు. ఆ జిన్నులు ఆయన కోరినవన్నీ చేసిపెట్టేవి. ఏమేమిటవి? మిహ్రాబులు (ప్రార్థనా స్థలాలు), ప్రతిమలు, హౌజులంత (నీటి తొట్లంత) పెద్ద పళ్లేలు, ఉన్నచోటి నుంచి కదలని వంట డేగిసాలు. వెంటనే "దావూద్ కుటుంబీకులారా, కృతజ్ఞతతో పని చేయండి" అన్న ఆజ్ఞ.

ఈ ఆయతు నాకు చాలా ఇష్టం. రాజుల గొప్పతనం చెప్పేవాళ్లు కోటలు చెబుతారు, ఏనుగులు చెబుతారు, ఖజానా చెబుతారు. ఇక్కడ ప్రార్థన చేసే చోటు, పదిమందికి వండే పాత్ర ఒకే వరుసలో వచ్చాయి. పది మంది పట్టి ఎత్తినా లేవని డేగిసా అంటే ఎంతమందికి అన్నం పెట్టి ఉంటారో ఊహించండి. మా తాతగారు కూడా వంటమేస్త్రీయే. నాకు ఈ పేరు పెట్టింది ఆయనే, ఈ ఆయతును బట్టే పెట్టారని నాన్నగారు చెప్పేవారు. సులేమాన్ ప్రవక్త అనగానే జనం చీమ మాట విని నవ్విన రాజునో, సబా రాణి కబురు తెచ్చిన హుద్‌హుద్ పక్షినో తలచుకుంటారు. ఆ కథలు నమ్ల్ సూరాలో ఉన్నాయి, అద్భుతమైనవి. ఆ పక్షి పేరు మన ఆంధ్రులకు మరో రకంగా తెలుసు. 2014 అక్టోబరులో విశాఖను అతలాకుతలం చేసిన తుపానుకు ఒమన్ ఇచ్చిన పేరు అదే. కానీ వంటపాత్రల సంగతి ఎవరూ చెప్పరు. వంటవాళ్లం మేమైనా చెప్పాలి.

ఇక మసీదు. దీన్ని కట్టించింది ప్రవక్త పేరు పెట్టుకున్న ఉస్మానియా (ఒట్టోమన్) సుల్తాన్ సులేమాన్. 1520 నుంచి 1566 వరకు పాలించాడు. తన కాలపు సులేమాన్ అని కవులు ఆయనను పొగిడారు, ఆయన కూడా ఆ పేరును తేలికగా తీసుకోలేదు. ప్రవక్త సులేమాన్ నగరమైన జెరూసలేం చుట్టూ ఈనాడు కనిపించే ప్రాకారం ఈయన 1537, 1541 మధ్య కట్టించిందే. అక్కడి కుబ్బతుస్ సఖ్రా (డోమ్ ఆఫ్ ది రాక్) వెలుపలి గోడలకు పలకలు తాపించింది కూడా ఈయనే. ఇస్తాంబుల్ మసీదు పని 1550లో మొదలై 1557లో పూర్తయింది. శిల్పి మిమార్ సినాన్. గుమ్మటం ఎత్తు 53 మీటర్లు. మీనార్లు నాలుగు, వాటి చుట్టూ ఉన్న బాల్కనీలు మొత్తం పది. కాన్‌స్టాంటినోపుల్ గెలిచాక వచ్చిన సుల్తాన్లలో ఈయన నాలుగోవాడు, వంశంలో పదోవాడు. ఆ అంకెల లెక్క అదేనని చెబుతారు.

మేం జుహర్ (మధ్యాహ్న) నమాజు లోపలే చదివాం. అంత పెద్ద కట్టడంలో ఇమాం గొంతు వెనుక వరుస దాకా స్పష్టంగా వినిపించింది. ధ్వని కోసం గుమ్మటంలో ఖాళీ మట్టి కుండలు అమర్చారని మా గైడు చెప్పాడు. దీపాల మసి అంతా గాలి తోడుతో ద్వారం పైనున్న ఒక గదిలోకి చేరేదని, దాన్ని పోగుచేసి సిరా తయారు చేసేవారని కూడా చెప్పాడు. వంటశాల పొగతో రోజూ కుస్తీ పట్టేవాడిని కాబట్టి ఈ రెండో సంగతి నన్ను బాగా పట్టుకుంది. వేలాది దీపాలు వెలిగే చోట గోడలు నల్లబడకుండా కాపాడటమే కష్టం. ఆ నలుపును రాతకు వాడుకోవడం సినాన్‌కే చెల్లింది. లోపల అలంకారం తక్కువ, వెలుగు ఎక్కువ. బ్లూ మసీదు చూసి వచ్చినవాళ్లకు మొదట వెలితిగా అనిపించవచ్చు. పది నిమిషాలు కూర్చోండి, ఆ వెలితి పోతుంది.

అసలు సంగతి మసీదు చుట్టూ ఉన్న సముదాయం. మదరసాలు, వైద్య పాఠశాల, ఆసుపత్రి, హమ్మాం (స్నానశాల), ప్రయాణికుల సత్రం, ఇమారెత్ అనే ధర్మ వంటశాల. ఇవన్నీ ఒకే వక్ఫ్ (ధర్మానికి రాసిచ్చిన ఆస్తి) కింద కట్టారు. గ్రామాల ఆదాయం, దుకాణాల అద్దెలు దీనికి రాసిచ్చారు. మనం బీన్స్ తినే దుకాణాల వరుస కూడా ఆ సముదాయంలోనిదే. దాని వెనుక ఉన్న రెండు మదరసాల్లో ఇప్పుడు సులేమానియె గ్రంథాలయం ఉంది. 1918లో ఏర్పడిన ఆ గ్రంథాలయం చేతిరాత పుస్తకాలకు ప్రపంచ ప్రసిద్ధి పొందింది. ఈ వీధికి పాత పేరు తిర్యాకి (వ్యసనపరుల) బజారు. ఒకప్పుడు ఇక్కడి కాఫీ దుకాణాల్లో నల్లమందు అలవాటున్నవాళ్లు కూర్చునేవారట. ఇప్పుడు జనం వచ్చేది బీన్స్ కోసమే, మంచి మార్పు.

ఇమారెత్ కట్టడాన్ని బయటి నుంచే చూశాం. ఉస్మానియా కాలపు ఇమారెత్‌లలో రోజూ రెండు పూటలా వండేవారు. ఉదయం బియ్యంతో, సాయంత్రం గోధుమతో చేసిన సూపు, రొట్టె. శుక్రవారం రాత్రులు, పండుగలప్పుడు, రంజాన్‌లో అన్నం, మాంసం, జర్దె. జర్దె అంటే కుంకుమపువ్వుతో పచ్చగా వండే తీపి అన్నం. మన వలీమాల్లో చివర వడ్డించే జర్దాకు దగ్గరి చుట్టం. విద్యార్థులు, మసీదు ఉద్యోగులు, ప్రయాణికులు, పేదలు అక్కడ తినేవారు. నేను ఆ గోడ పక్కన ఎంతసేపు నిలబడ్డానో మా ఆవిడను అడగాలి. పది మంది పని మనుషులతో ఒక పూట వంట దించడమే మాకు ఎంత పనో నాకు తెలుసు. రోజుకు రెండు పూటలు, ఏడాది పొడవునా, తరాల తరబడి అంటే కట్టెలు ఎవరు తెచ్చారు, గిన్నెలు ఎవరు తోమారు, గోధుమ ఎక్కడ నిల్వ చేశారు అన్న ప్రశ్నలే నాకు మెదిలాయి. సుల్తాన్ భార్య హుర్రెం జెరూసలేంలో 1552లో వక్ఫ్ రాసిచ్చి పెట్టించిన ధర్మ వంటశాల ఇప్పటికీ పేదలకు వండి పెడుతోంది. ప్రవక్త సులేమాన్ నగరంలో, కదలని డేగిసాల మాట అక్కడ ఇంకా నిలిచే ఉంది. ఇన్షా అల్లాహ్, ఒకనాటికి అక్కడికీ వెళ్లి ఆ పాత్రలు చూడాలని ఉంది.

మసీదు వెనుక శ్మశానవాటికలో సుల్తాన్ సమాధి మందిరం, పక్కనే హుర్రెం సమాధి మందిరం ఉన్నాయి. సుల్తాన్ సమాధి ద్వారం పైన కాబాలోని హజ్రె అస్వద్ (నల్లరాయి) ముక్క ఒకటి పొదిగారని అంటారు. మక్కా నుంచి నేరుగా వచ్చిన మాకు అక్కడ కాళ్లు ఆగిపోయాయి. ఇక్కడ ఒక పోలిక చెప్పకుండా ఉండలేను. ప్రవక్త సులేమాన్ చేతికర్రకు ఆనుకొని నిలబడే ప్రాణం విడిచారు. ఆ సంగతి తెలియక జిన్నులు పని చేస్తూనే ఉన్నాయి. చెదపురుగు కర్రను తినేసి ఆయన ఒరిగిపోయాకే వాటికి తెలిసింది. ఇది అదే సబా సూరా 14వ ఆయతులో ఉంది. సుల్తాన్ సులేమాన్ 1566 సెప్టెంబరులో హంగరీలోని సిగెత్వార్ కోట ముట్టడిలో ఉండగా డేరాలో చనిపోయాడు. కొడుకు సలీం వచ్చి సింహాసనం అందుకునే దాకా వజీరు సోకుల్లు మెహ్మెద్ పాషా ఆ మరణాన్ని సైన్యానికి తెలియనివ్వలేదు. వారాల తరబడి సుల్తాన్ బతికే ఉన్నాడని సైన్యం నమ్మింది. ఇద్దరు సులేమాన్‌ల చావూ దాగే ఉంది. పేరుతో పాటు ఇదీ వచ్చిందా అనిపించింది. మా ఆవిడతో అంటే "మీరు మాత్రం ఇంటి దగ్గరే ఉండండి" అంది.

సినాన్ సమాధి ప్రహరీ బయట, ఒక మూల చిన్న స్థలంలో ఉంది. చాలామంది దాన్ని గమనించకుండా వెళ్లిపోతారు. ఫాతిహా (ఖుర్ఆన్ మొదటి సూరా) చదివి వెళ్లండి.

ఇప్పుడు లోపాలు. మొదటిది మా యాత్రా సంస్థది. సులేమానియెకు అరగంట ఇచ్చి, బజారుకు మూడు గంటలు ఇచ్చారు. మరుసటి రోజు మేమే ట్రాములో మళ్లీ వచ్చాం. ప్యాకేజీ తీసుకునేటప్పుడే ఈ చోటికి కనీసం సగం రోజు అడగండి. రెండోది భోజనశాలల్లో ఒకదానిలో అన్నం చల్లారిపోయి వచ్చింది. రద్దీ వేళ ముందే పళ్లేల్లో పెట్టి ఉంచినట్టుంది. వేడి కూర చల్లని అన్నం మీద పడితే రుచి సగానికి పడిపోతుంది. నేను మార్చమని అడిగితే వెంటనే మార్చారు, మొహమాటపడకండి. మూడోది మధ్యాహ్నం రద్దీ. జుహర్ అయిపోగానే అందరూ ఒక్కసారి వస్తారు, బల్ల దొరకదు. నమాజుకు ముందే, పదకొండు, పదకొండున్నర మధ్య తినడం మేలు. పాత్ర అప్పుడే దింపి ఉంటారు కూడా.

శాకాహారులు ఒక జాగ్రత్త పాటించాలి. చూడడానికి ఉత్తి గింజల కూరే అయినా మాంసం ముక్కలో, మాంసం కొవ్వో వేయడం మామూలే. "ఎత్‌సిజ్" అని అడగండి, మాంసం లేనిదని వాళ్లకు అర్థమవుతుంది. లేదంటే అన్నం, ఊరుగాయ, ఐరాన్‌తో సరిపెట్టుకోవాలి. ధరలు రాయడం లేదు, అక్కడ తరచూ మారుతున్నాయి. గోడ మీది పట్టిక చూసి కూర్చోండి. మేం తిన్నది ఆ ఊరి పర్యాటక ప్రాంతాల కబాబు దుకాణాలతో పోలిస్తే చవకే.

చేరుకోవడానికి ట్రాములో బెయజిత్ స్టేషను, మెట్రోలో వెజ్నెజిలెర్ స్టేషను దగ్గర. ఎమినోను రేవు వైపు నుంచి ఎక్కితే దారి ఏటవాలుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఆ దారి పట్టవద్దు. మసీదు ప్రవేశానికి రుసుము లేదు. నమాజు వేళల్లో సందర్శకులను ఆపుతారు, శుక్రవారం మధ్యాహ్నం మరీను. మసీదు వెనుక తోట గోడ దగ్గర నిలబడితే కింద మదరసాల బుల్లి గుమ్మటాలు, పొగగొట్టాలు, వాటి అవతల గోల్డెన్ హార్న్ నీళ్లు కనిపిస్తాయి. ఫోటోలు అక్కడ తీసుకోండి. కూర తిన్నాక తీసుకోండి.

మార్కులు వేయమంటే కూరకు పదికి తొమ్మిదిన్నర, అన్నానికి ఎనిమిది, వడ్డనకు ఏడు. చోటుకు మార్కులు వేసే అర్హత నాకు లేదు.

ఇంటికి వచ్చాక పందిరి చిక్కుడు ఎండు గింజలతో ఈ కూర రెండు రకాలుగా వండి చూశాను. గింజ కాస్త చిన్నది, తొక్క మందం. అయినా ఎక్కువసేపు నానబెడితే దారికి వస్తోంది. అల్యూమినియం పాత్రలో మాత్రం అడుగు పట్టేస్తోంది. తాతగారి నాటి రాగి డేగిసా ఒకటి మా అటక మీద ఉంది, మూడు వందల మందికి వండవచ్చు. వచ్చే వలీమాల కాలానికి దాన్ని దింపాలి. కళాయి పూసే మనిషి గుంటూరు, తెనాలి, నరసరావుపేట ప్రాంతాల్లో ఎవరైనా ఇంకా ఆ పని చేస్తుంటే దయచేసి తెలియజేయండి. పాత్ర నేనే తీసుకువస్తాను.